ఆరు ఆబోతులు, ఒక ‘కల్చరల్ ఈవినింగ్’: యూరప్ టూర్లు నడిపేవారికి బహిరంగ లేఖ

యూరప్ టూర్లు నడిపే తెలుగు రాష్ట్రాల ట్రావెల్ సంస్థల యజమానులకు, టూర్ మేనేజర్లకు, వాళ్ళ తరఫున బుకింగులు చేసే ఏజెంట్లకు,

నమస్కారం.

మీ పుణ్యాన నాలాంటి వాళ్ళు ఎంతోమంది మొదటిసారి విమానం ఎక్కారు. భాష రాని దేశంలో కూడా పొద్దున్నే ఉప్మా పెట్టించిన ఘనత మీదే. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను. తర్వాత రాయబోయేవి అంత వినసొంపుగా ఉండవు.

ప్రకాశం జిల్లాలో 34 ఏళ్ళు పిల్లలకు పాఠాలు చెప్పి రిటైరయ్యాను. మొన్న మే నెలలో నేను, మా ఆవిడ, మా అమ్మాయి, తొమ్మిదేళ్ళ మనవరాలు కలిసి 12 రోజుల యూరప్ ప్యాకేజీకి వెళ్ళాం. అల్లుడికి సెలవు దొరకలేదు, రాలేదు. పారిస్ బాగుంది, స్విట్జర్లాండ్ బాగుంది, బస్సులు టైముకి వచ్చాయి. నా ఫిర్యాదల్లా స్పెయిన్ రాజధాని మాడ్రిడ్‌లో, బుల్‌ఫైట్ దగ్గర గడిపిన ఒక్క సాయంత్రం గురించే. ఆ సంస్థ పేరు ఇక్కడ రాయడం లేదు. వేరే కంపెనీలతో స్పెయిన్ వెళ్ళొచ్చిన నలుగురైదుగురిని అడిగితే వాళ్ళూ ఇంచుమించు ఇదే చెప్పారు. కాబట్టి ఇది ఒక్క సంస్థతో తీరే గొడవ కాదు.

తిరిగొచ్చాక రెండు ఈమెయిళ్ళు పంపాను, ఒక రిజిస్టర్డ్ పోస్టు పంపాను, ఫోన్లకైతే లెక్క లేదు. మొత్తం మీద మూడు జవాబులు వచ్చాయి. ‘అది ఆప్షనల్ కదా సార్, మీరే ఒప్పుకున్నారు’ అన్నది మొదటిది. ‘అది వాళ్ళ కల్చర్ సార్, మనమేం చేస్తాం’ అన్నది రెండోది. మూడోది వచ్చే టూరుకు 5,000 రూపాయల డిస్కౌంట్ కూపన్. అందుకే ఇలా అందరి ముందూ రాయాల్సి వచ్చింది.

జరిగింది ఇది. టూరు పదో రోజు బస్సులో మేనేజర్ మైకు తీసుకుని, ‘రేపు సాయంత్రం ఆప్షనల్ ఉంది, స్పానిష్ కల్చరల్ ఈవినింగ్, వరల్డ్ ఫేమస్ బుల్‌ఫైట్ షో, మనిషికి 90 యూరోలు, సీట్లు తక్కువ ఉన్నాయి, ఇప్పుడే చెప్పండి’ అన్నాడు. వాట్సాప్ గ్రూపులో ఒక ఫోటో పెట్టాడు. జరీ బట్టలు తొడుక్కున్న కుర్రాడు గులాబీరంగు గుడ్డ విసురుతున్నాడు, నల్లటి ఆబోతు దాని కిందుగా దూసుకుపోతోంది. నెత్తురు చుక్క కూడా కనబడలేదు. మా 38 మందిలో 22 మంది చేతులెత్తాం.

నేనెందుకు ఎత్తానో కూడా చెప్పాలి. మా నాన్నకు ఒంగోలు గిత్తల జత ఉండేది. తిరునాళ్ళకు బండలాగుడు పందేలకు తోలుకెళ్ళేవాడు. మంచి పశువు కనబడితే ఈ వయసులో కూడా నా కాళ్ళు ఆగిపోతాయి. ‘బుల్‌ఫైట్’ అనగానే రెండు ఆబోతులు కుమ్ముకుంటాయనో, చిత్తూరు వైపు పశువుల పండగలో లాగా కుర్రాళ్ళు వెంటపడి లొంగదీస్తారనో అనుకున్నాను. చంపుతారని ఎప్పుడో ఎక్కడో విన్నాను గానీ అది పాతకాలం సంగతి అయి ఉంటుందిలే అని సర్దుకున్నాను. ఆ తెలియనితనం నాదే, ఒప్పుకుంటాను. కానీ 90 యూరోలు తీసుకుంటున్నవాడికి తెలుసు కదా!

మమ్మల్ని తీసుకెళ్ళిన చోటు లాస్ వెంతాస్, మాడ్రిడ్‌లోని బుల్‌ఫైట్ మైదానం. ఎర్ర ఇటుకల కట్టడం, గుర్రపు నాడా ఆకారంలో తోరణాలు, పక్కనే మెట్రో స్టేషన్. 1931లో అక్కడ మొదటి పోరు జరిగిందట. సుమారు 23 వేల మంది కూర్చోవచ్చు. మేం వెళ్ళింది సాన్ ఇసిద్రో ఉత్సవాల రోజుల్లో. మాడ్రిడ్ నగరానికి ఆ సాధువే దిక్కు, మే 15న ఆయన పండగ. ఇంటికొచ్చాక చదివితే తెలిసింది, ఆయన సాక్షాత్తూ ఒక పాలేరు. ఆయన ప్రార్థనలో మునిగిపోతే దేవదూతలు దిగొచ్చి ఎడ్లు కట్టి పొలం దున్నారని వాళ్ళ కథ. అలాంటి ఆయన పేరు మీద నెలరోజుల పాటు దాదాపు ప్రతి సాయంత్రం ఆబోతులు నేలకూలుతాయి. వాళ్ళ దేవుడితో వాళ్ళకున్న లెక్కలు నాకెందుకు గానీ, నాగలి పట్టిన ఇంట్లో పుట్టినవాడిని, ఆ సంగతి మనసులోంచి పోవడం లేదు.

మేనేజర్ గేటు దగ్గర టికెట్లు మా చేతుల్లో పెట్టి, ‘తొమ్మిదిన్నరకు బస్సు ఇక్కడే ఉంటుంది’ అని వెళ్ళిపోయాడు. టికెట్టు మీద ధర 38 యూరోలు అని అచ్చయి ఉంది. సాయంత్రం ఏడు అంటే మనకు దీపాలు పెట్టే వేళ. అక్కడ మే నెలలో ఏడింటికి ఎండ మొహం మీద కొడుతుంది. సీట్లలో ‘సోల్’ అంటే ఎండ వైపు, ‘సోంబ్రా’ అంటే నీడ వైపు, ధరలో చాలా తేడా. మాకు ఇచ్చినవి ఎండ వైపువి, అవీ పై వరసల్లో. వీపు ఆనించుకోవడానికి ఏమీ లేని సిమెంటు గట్లు. వెనకవాడి మోకాలు మన వీపుకి తగిలేంత ఇరుకు. అద్దెకు దిండ్లు ఇస్తారు, తీసుకోవాలని మాకెవరూ చెప్పలేదు.

ఇక లోపల జరిగేది. మీలో చాలామంది గేటు దగ్గరే ఆగిపోతారు కాబట్టి మీకు కూడా తెలియాలని వివరంగా రాస్తున్నాను.

దాన్ని వాళ్ళు ‘కొర్రీదా’ అంటారు. ముగ్గురు మటాడోర్లు (చివరికి ఆబోతును కత్తితో చంపేవాళ్ళు), ఆరు ఆబోతులు, ఒక్కొక్కరికి రెండేసి. బ్యాండు వాయిస్తుండగా అందరూ ఊరేగింపుగా వస్తారు. ఒక్కో ఆబోతుకు సుమారు ఇరవై నిమిషాలు. అది వచ్చే ముందు దాని పేరు, బరువు రాసిన పలక చూపిస్తారు. మొదటిది 534 కిలోలు. తలుపు తీయగానే అది పరుగెత్తుకుంటూ వచ్చిన తీరు చూసి నేను నిజంగానే లేచి నిలబడ్డాను. ఏం పశువండీ అది! మన గిత్తకు మూపురం ఉండే చోట దానికి మెడ మీద కండ కొండలా లేచి ఉంది. వాటిని నాలుగేళ్ళకు తగ్గకుండా పెద్ద పెద్ద బీళ్ళలో స్వేచ్ఛగా పెంచుతారు. నేల మీద నిలబడి గుడ్డ పట్టుకున్న మనిషిని అది ఆ రోజు దాకా ఎరగదు. ఒంటి మీద కాల్చిన ముద్ర ఉంది, పెంచినవారి గుర్తు. అచ్చోసిన ఆంబోతు! మన ఊళ్ళో అచ్చు వేసి దేవుడికి వదిలిన ఆంబోతు ఎవరి చేలో పడినా కొట్టేవాడు లేడు. అక్కడ ఆ అచ్చుకు అర్థం వేరు.

మొదట గుర్రం మీద ఈటె పట్టుకుని పికడోర్ వస్తాడు. గుర్రానికి కళ్ళు కట్టేసి, ఒంటికి మందపాటి మెత్తల కవచం తొడుగుతారు. 1928 వరకు ఆ కవచం తప్పనిసరి కాదు, కొమ్ము దిగి గుర్రాలే ఎక్కువగా చచ్చేవట. ఆబోతు ఆ గుర్రాన్ని కుమ్ముతుండగా పైనుంచి ఆ మెడ కండలో ఈటె దించుతాడు, అక్కడి పెద్ద మైదానాల్లో కనీసం రెండుసార్లు. తల పైకెత్తే బలం తగ్గించడం కోసమట. రెండో అంకంలో రంగు కాగితాలు చుట్టిన ముళ్ళ కర్రలు, బాండెరియాలు అంటారు, జతలు జతలుగా అదే చోట గుచ్చుతారు. మూడో అంకంలో మటాడోర్ ఒంటరిగా ఎర్రగుడ్డతో వస్తాడు. (ఎరుపు చూసి రెచ్చిపోతుందనేది వట్టి మాట. దానికి ఎరుపు తెలియదు, కదలిక తెలుస్తుంది.)

ఇక్కడ ఒక నిజం దాచను. ఆ మొదటి మటాడోర్ కాళ్ళు కదపకుండా నిలబడి, కొమ్ములు పొట్టకు జానెడు దూరంలో పోతుంటే, గుడ్డను అంత నెమ్మదిగా లాగుతుంటే, జనమంతా ఒక్క గొంతుతో ‘ఓలే’ అంటుంటే, నేనూ ‘అబ్బా’ అన్నాను. చప్పట్లు కూడా కొట్టాను. మా ఆవిడ నా వైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది. వాళ్ళు దాన్ని కళ అని ఎందుకంటారో ఆ నాలుగు నిమిషాలు నాకు అర్థమైంది. తర్వాత అతను కత్తి దించాడు. ఒక్క పోటుకే ఆబోతు మోకాళ్ళ మీద కూలింది. జనం వేల తెల్ల రుమాళ్ళు ఊపారు. ‘ఆపమని అడుగుతున్నారేమో’ అంది మా ఆవిడ. కాదు, ఆ మటాడోర్‌కి ఆబోతు చెవి కోసి బహుమతిగా ఇమ్మని అధ్యక్ష స్థానంలో ఉన్న పెద్దమనిషిని అడగడం అది. ఇచ్చారు. కంచరగాడిదలు వచ్చి కళేబరాన్ని ఈడ్చుకెళ్ళాయి.

రెండో ఆబోతు దగ్గర అంతా చెడింది. ఇంకో మటాడోర్. కత్తి ఎముకకు తగిలి ఎగిరిపడింది. మళ్ళీ పొడిచాడు, సగమే దిగింది. ఆబోతు నోట్లోంచి నెత్తురు కారుస్తూ చెక్క గోడ పక్కన నిలబడిపోయింది, పడదు. బూర ఊదారు. చివరి అంకం మొదలై పది నిమిషాలు దాటినా చంపలేకపోతే ఇచ్చే హెచ్చరిక అది. జనం ఈలలు వేశారు. అక్కడ ఈల అంటే తిట్టు. ఇంకో రకం కత్తితో వెన్నుపూస దగ్గర పొడిచారు, ఒకసారి, రెండుసార్లు, మూడోసారి.

అప్పుడు మా మనవరాలు అడిగింది: ‘తాతయ్యా, దీన్ని లోపలికి ఎప్పుడు తోలుకెళ్తారు? నీళ్ళు పెట్టరా?’

ఊళ్ళో పందెం అయ్యాక గిత్తలకు నీళ్ళు పెట్టి, ఒళ్ళు కడిగి, మెడలో దండ వేయడం అది చూసింది. ఇక్కడా అంతే అనుకుంది. మొదటిది కూలినప్పుడు ‘అలసిపోయి పడుకుంది’ అని మా అమ్మాయే చెప్పి సర్దేసింది. ఇప్పుడు చెప్పడానికి ఏ అబద్ధమూ మిగల్లేదు.

లేచి వెళ్దామంటే వెళ్ళనివ్వలేదు. ఆబోతు బరిలో ఉండగా లోపలికీ బయటికీ రాకపోకలు ఉండవు, రెండు ఆబోతుల మధ్య విరామంలోనే కదలాలి. అది అక్కడి నియమం. గేటు దగ్గరున్న మనిషి మర్యాదగానే చెయ్యి అడ్డం పెట్టాడు. ఆ పిల్లను ఒళ్ళో పెట్టుకుని, మొహం మా అమ్మాయి కొంగులో దాచి, ఆబోతు చచ్చేదాకా కూర్చున్నాం. బయటికి వచ్చాక బస్సుకు ఇంకా గంటన్నర పైనే ఉంది. లాస్ వెంతాస్ బయట పెన్సిలిన్ కనిపెట్టిన అలెగ్జాండర్ ఫ్లెమింగ్ విగ్రహం ఉంది. దాని ముందు ఒక మటాడోర్ బొమ్మ టోపీ తీసి దండం పెడుతున్నట్టు ఉంటుంది. కొమ్ము పోట్లకు చీము పట్టి చచ్చేవాళ్ళు ఆ మందు వల్ల బతికారని, 1964లో కృతజ్ఞతగా పెట్టారట. ఆ విగ్రహం పక్కన గట్టు మీద కూర్చున్నాం. ఒక్కొక్కరే వచ్చి చేరారు. మూడో ఆబోతు పోయేసరికి 22 మందిలో 13 మందిమి బయటే ఉన్నాం.

దీని వల్ల మామూలు మనుషులకు పడే దెబ్బలేమిటో వరసగా రాస్తున్నాను.

1. పిల్లలు. మా మనవరాలు ఆ రాత్రి నిద్రపోలేదు. ఊరికొచ్చాక కూడా మూడు వారాలు వాళ్ళమ్మ పక్కనే పడుకుంది. ఇప్పుడు మా వీధిలోకి గంగిరెద్దు వస్తే తలుపు చాటుకు పోతోంది. ఇది నా ఒక్కడి చాదస్తం కాదు. 18 ఏళ్ళ లోపు పిల్లలను ఈ పోరాటాల్లో పాల్గొననివ్వొద్దు, చూడనివ్వొద్దు అని ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల కమిటీ 2018లో స్పెయిన్‌కే సిఫారసు చేసింది. మీ కంపెనీ మాత్రం చైల్డ్ టికెట్టుకు కూడా 90 యూరోలే తీసుకుంది, తగ్గింపు లేదు!

2. పెద్దవాళ్ళు. మా గ్రూపులో 72 ఏళ్ళ ఆవిడ ఉన్నారు, బీపీ మనిషి. ఆ ఎండలో అన్ని మెట్లెక్కి, ఆ దృశ్యం చూసి, లేవనివ్వకపోయేసరికి ఒళ్ళంతా చెమటలు పట్టి పక్కకు ఒరిగిపోయారు. పక్కనున్న స్పెయిన్ వాళ్ళే నీళ్ళిచ్చి విసనకర్రతో విసిరారు. ఆ మైదానం లోపల మంచి ఆసుపత్రి గది ఉంటుంది, కానీ ఎవరిని అడగాలో, ఏమని అడగాలో మాకు తెలియదు. మేనేజర్ ఫోను ఎత్తలేదు.

3. డబ్బు. మా నలుగురికి 360 యూరోలు, మన డబ్బుల్లో సుమారు 35 వేలు. పెన్షన్ మీద బతికేవాడికి అది చిన్న మొత్తం కాదు. టికెట్టు అసలు ధర, మీ లాభం విడివిడిగా చెప్పి ఉంటే నాకు బాధ లేదు. వ్యాపారం అన్నాక లాభం ఉండాలి. సీట్లు తక్కువంటూ బస్సులో కంగారు పెట్టడం, 38 యూరోల టికెట్టుకు 90 తీసుకోవడం వ్యాపారం కాదు.

4. ఆచారం. మా ఆవిడ ప్రతి సోమవారం శివాలయంలో నంది చెవిలో కోరిక చెప్పుకునే మనిషి. హోటలుకు వచ్చి తలస్నానం చేసి, ఆ రాత్రి అన్నం ముట్టలేదు. పైగా అలా చచ్చిన ఆబోతుల మాంసం అమ్మకానికి పోతుంది. తోకతో చేసే కూర ‘రాబో దే తోరో’ స్పెయిన్ హోటళ్ళలో పేరున్న వంటకం. మర్నాడు మధ్యాహ్నం మెనూ కార్డులో అది ఉంది. తెలియక ఒకాయన ఆర్డర్ కూడా ఇచ్చాడు. అదేమిటో చెప్పాల్సిన మేనేజర్ వేరే టేబుల్ దగ్గర సెల్ఫీలు దిగుతున్నాడు. తినేవాళ్ళ జోలికి నేను పోను. తినని వాళ్ళకు మాత్రం తెలియాలి కదా.

5. మన పరువు. ఇది మీకు తట్టి ఉండదు. నా పక్కన ఎనభై ఏళ్ళ పెద్దాయన కూర్చున్నాడు. టోపీ, చేతిలో ఒక చిన్న పుస్తకం, ప్రతి ఆబోతు గురించి ఏదో రాసుకుంటున్నాడు. మనవరాలికి పొద్దుతిరుగుడు గింజలు పెట్టాడు, తన దిండు తీసి ఇచ్చాడు. వచ్చీరాని ఇంగ్లీషులో నాకు ఒక్కో అంకం వివరించాడు. ఆయనకది గుడిలో ఉన్నట్టే. అలాంటి చోట మావాళ్ళు కొందరు గట్టిగా నవ్వుతూ వీడియో కాల్స్ చేశారు, కొందరు ఏడ్చారు, ఒకాయన తెలుగులో బూతులు తిట్టాడు. పిల్ల ఏడుస్తుంటే ఆ పెద్దాయన మొహం ముడుచుకుపోయింది. ‘ఎందుకు తీసుకొచ్చావు’ అన్నట్టు చేత్తో సైగ చేశాడు. నా దగ్గర సమాధానం లేదు. మీ దగ్గర ఉందా?

ఇప్పుడు మీ రెండో జవాబు దగ్గరికి వస్తాను, ‘అది వాళ్ళ కల్చర్’ అన్నది. ఫోనులో ఒక అబ్బాయి ఇంకాస్త ముందుకెళ్ళి, ‘మన దగ్గర కోడిపందేలు లేవా సార్’ అన్నాడు. ఉన్నాయి. సంక్రాంతికి భీమవరం చుట్టుపక్కల కాళ్ళకు కత్తులు కట్టి, కోర్టులు వద్దన్నా ఆడించే పందేలు ఉన్నాయి. బండలాగుడులో మా వాళ్ళు చర్నాకోల ఎలా వాడతారో నా కళ్ళతో చూశాను, చిన్నప్పుడు ఆ చర్నాకోల నేనూ పట్టాను. కాబట్టి స్పెయిన్ వాళ్ళకు నీతులు చెప్పే అర్హత నాకుందని అనుకోవడం లేదు. కానీ భీమవరానికి ఒక విదేశీ కుటుంబాన్ని పిల్లాజెల్లాతో తీసుకెళ్ళి, ‘ఇది పక్షుల షో’ అని చెప్పి టికెట్టు అమ్మితే ఏమంటారు? దాన్ని కల్చర్ అనరు, మోసం అంటారు. నేనడిగేది అంతే.

పైగా ‘వాళ్ళ కల్చర్’ అని ఒక్క మాటలో తేల్చడానికి వాళ్ళలో వాళ్ళకే ఏకాభిప్రాయం లేదు. స్పెయిన్‌లో భాగమైన కెనరీ దీవుల్లో 1991లోనే నిషేధించారు. బార్సిలోనా ఉన్న కాటలోనియా ప్రాంతపు శాసనసభ 2010లో నిషేధం తెచ్చింది, 2011 సెప్టెంబరులో బార్సిలోనాలో చివరి పోరు జరిగింది. 2013లో దేశ పార్లమెంటు దీన్ని సాంస్కృతిక వారసత్వంగా గుర్తిస్తూ చట్టం చేసింది. 2016లో రాజ్యాంగ న్యాయస్థానం కాటలోనియా నిషేధాన్ని కొట్టేసింది, అయినా బార్సిలోనాలో మళ్ళీ జరగలేదు. 2024లో సాంస్కృతిక శాఖ మంత్రి ఎర్నెస్ట్ ఉర్తాసున్ ఈ పోరాటాలకిచ్చే జాతీయ పురస్కారాన్నే రద్దు చేశారు. మరోవైపు ఆ కళ కోసం ప్రాణాలిచ్చినవాళ్ళూ ఉన్నారు. 1947లో లినారెస్‌లో మనోలెతే, 2016లో తెరువెల్‌లో విక్టర్ బారియో అనే మటాడోర్లు బరిలో కొమ్ము పోటు తిని, ఆ గాయంతోనే చనిపోయారు. రెండు పక్షాలకూ అంత పట్టింపు ఉన్న విషయాన్ని మీరు ‘ఈవినింగ్ షో’ అని డిన్నర్‌కు ముందు పెట్టే టైంపాస్‌లా అమ్ముతున్నారు. ఇష్టపడేవాళ్ళకూ అవమానమే, వద్దనేవాళ్ళకూ అవమానమే.

స్పెయిన్‌లో దీన్ని ఆపించమని మిమ్మల్ని అడగడం లేదు. తెలిసి చూడాలనుకునే పెద్దవాళ్ళను తీసుకెళ్ళొద్దని కూడా అనడం లేదు. ఈ కింది పనులు మాత్రం చేయాలి.

1. ఐటినరరీలో, బ్రోచర్‌లో, వాట్సాప్ మెసేజ్‌లో ఈ సంగతి తెలుగులో ఇలా రాయండి: ‘ఆరు ఆబోతులను మీ కళ్ళ ముందే ఈటెలతో, ముళ్ళ కర్రలతో గాయపరిచి కత్తితో చంపుతారు. మొత్తం రెండు గంటల పైన పడుతుంది. ఆబోతు బరిలో ఉన్నంతసేపు బయటికి వెళ్ళనివ్వరు.’ మూడే వాక్యాలు. ఇవి రాస్తే ఎవరూ కొనరని మీకు భయమైతే, ఎందుకు కొనరో మీరే ఆలోచించుకోండి.

2. బస్సులో మైకు పట్టుకుని చేతులెత్తించే పద్ధతి మానండి. బయలుదేరే ముందే, ఇక్కడ ఇంట్లో కూర్చుని ఆలోచించుకునే వ్యవధి ఇచ్చి, ప్రతి మనిషి దగ్గరా విడిగా సంతకం తీసుకోండి. కుటుంబ పెద్ద ఒక్కడు ‘ఊఁ’ అంటే నలుగురికీ టికెట్టు తెగుతోంది. మా ఇంట్లో ఆ ‘ఊఁ’ అన్నది నేనే, మా ఆవిడను అడగలేదు.

3. 18 ఏళ్ళ లోపు వాళ్ళకు అమ్మొద్దు. అక్కడ గేటు దగ్గర ఆపకపోయినా మీరు ఆపండి.

4. టికెట్టు మీద ఉన్న ధర, మీ సర్వీస్ చార్జీ బిల్లులో వేరువేరుగా చూపించండి. ఎండ వైపా, నీడ వైపా, ఏ వరస, ఎన్ని మెట్లు అన్నది ముందే చెప్పండి.

5. తీసుకెళ్ళిన మనిషి లోపల గ్రూపుతోనే కూర్చోవాలి.

6. వద్దనుకున్నవాళ్ళను హోటల్ గదిలో వదిలేయకండి. ఆ సాయంత్రానికి మాడ్రిడ్‌లో చూసేందుకు కొరతా? ప్రాడో మ్యూజియంలో సోమవారం నుంచి శనివారం వరకు సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా ప్రవేశం ఉచితం. ఉచితం కాబట్టే మీ లిస్టులో లేదని నా అనుమానం. ఫ్లెమెంకో నాట్యం ఉంది, 2010లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. ఈ పోరాటాల చరిత్ర మీద ఆసక్తి ఉన్నవాళ్ళకు పోరు లేని వేళల్లో లాస్ వెంతాస్ లోపల తిప్పి చూపిస్తారు. దక్షిణాన రోందా ఊళ్ళో 1785 నాటి రాతి మైదానం ఉంది. నెత్తురు లేకుండానే ఆ ఇసుకలో నిలబడి చూడొచ్చు.

7. స్పెయిన్‌లోనే ఉన్న పాంప్లోనా ఊరి గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఒక హిందీ సినిమా వచ్చినప్పటి నుంచి జులైలో సాన్ ఫెర్మిన్ పండగకు, ఆబోతుల ముందు పరుగెత్తడానికి మన కుర్రాళ్ళు ఉబలాటపడుతున్నారు, మీరూ ప్యాకేజీలు వేస్తున్నారు. పొద్దున ఎనిమిదింటికి వీధుల్లో వాళ్ళతో పాటు పరుగెత్తిన ఆ ఆబోతులే ఆ సాయంత్రం మైదానంలో చస్తాయని బ్రోచర్‌లో రాయండి. ఆ పరుగులో మనుషులు కూడా చనిపోయారు, చివరిగా 2009లో ఒకరు. మీరు చేయించే ట్రావెల్ ఇన్సూరెన్స్ ఆ పరుగులో తగిలే దెబ్బలకు వర్తిస్తుందో లేదో కాగితం మీద రాసివ్వండి. నోటిమాట కాదు.

8. ఫిర్యాదు చేసినవాళ్ళకు కూపన్లు పంపడం మానండి. మళ్ళీ మీతోనే వస్తామన్న ధీమా ఏమిటో!

ప్రయాణాలకు వెళ్ళబోయే తోటివారికి కూడా ఒక మాట. తప్పుడు వివరాలతో అమ్మడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద తప్పు. మీరు ఉన్న జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయొచ్చు, రెండేళ్ళ గడువు ఉంటుంది, కట్టిన మొత్తం 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు. ముందుగా 1915 హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించుకోవచ్చు. బస్సులో ఎవరైనా ‘కల్చరల్ ఈవినింగ్’ అంటే, అందులో ఏముంటుందో వాట్సాప్‌లో రాసి పెట్టమనండి. నేను ఆ పని చేసి ఉంటే ఈ లేఖ రాసే పని ఉండేది కాదు.

మా గ్రూపులో ఇంకో తొమ్మిది మంది నాతో పాటు సంతకం పెట్టడానికి ఒప్పుకున్నారు. నెల రోజులు చూస్తాం. ఈలోగా పైన రాసిన ఎనిమిదింటిలో ఏవి చేస్తారో, ఏవి చేయరో, చేయనివాటికి కారణం ఏమిటో మీ సంస్థల తరఫున రాతపూర్వకంగా చెప్పండి. మమ్మల్ని తీసుకెళ్ళిన సంస్థ జవాబివ్వకపోతే ఒంగోలులో కమిషన్ ముందు కలుద్దాం. ఆ నాలుగు టికెట్లు దాచి ఉంచాను. 38 అని అచ్చయిన అంకె స్పష్టంగానే కనబడుతోంది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ టీచర్,
ప్రకాశం జిల్లా